పాతరయు, పోపులపెట్టెయు



గత మాసమున ఈ పుటలో ఇంటి ఫొటోలను కంప్యూటరునందు క్రమపఱచుకొను విధమును వ్రాసియుంటిని. దానిని చదివిన యొక సోదరి యిట్లు వ్రాసినది: “మా కంప్యూటరు మేలుకొనులోపల పొయ్యిమీది పాలు కాగి చల్లారుచున్నవి. చిన్న ఎస్.ఎస్.డి. యొకటి కొని పాత హార్డుడిస్కునకు క్యాష్‌గా అమర్చిన వేగము వచ్చునని చెప్పుచున్నారు. కొనవచ్చునా?” చిత్రమేమనగా, ఆ యుత్తరము చేరిన వారముననే మాయింటను అదే ప్రశ్న పుట్టినది. కావున ఆమెకు చెప్పవలసిన ప్రత్యుత్తరమును, మేము చేసికొనిన నిర్ణయమును ఒక్కచోటనే వ్రాయుచున్నాను.

మాయింటి కంప్యూటరు ఎనిమిదేండ్ల నాటిది. 1 టెరాబైటు హార్డుడిస్కు, 4 గిగాబైట్ల ర్యామ్ దానికి గల సంపద. మావారు దానిపై బడిపిల్లల మార్కుల పట్టికలు వ్రాసికొందురు. అమ్మాయి పాఠములు చూచుకొనును. నేను తీరిక దొరకిన వేళ పాత తెలుగు గ్రంథముల స్కానులు చదువుకొందును. చిత్తూరు సీమలో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన డాక్టరు రాజ్ రెడ్డిగారు మొదలగు పెద్దల పూనికతో లక్షలకొలది గ్రంథములు స్కాను చేయబడినందున, చిన్న యూరి యిల్లాలికిని నేడు గ్రంథాలయము చేతికందినది. అట్టి పుస్తకములు మా డిస్కులో మూడువేలకు పైగా గలవు.

పండుగకు ప్రొద్దుటూరినుండి వచ్చిన మా మఱది ఈ యంత్రపు మందగతిని చూచి, “వదినా, చిన్న ఎస్.ఎస్.డి. యొకటి తెచ్చి క్యాష్ పెట్టెదను. పుస్తకములన్నియు చిటికెలో తెఱచుకొనును” అనెను. మావారు సంతోషించిరి. నేను మాత్రము మాటాడలేదు. అమ్మాయి చదువునకై కూడబెట్టుచున్న సొమ్ములోనుండి తీయవలసియుండుట యొక కారణము. రెండవ కారణము వేఱు. దానిని చెప్పక ఈ విషయమును వ్రాయుట న్యాయము కాదు.

కొన్నియేండ్ల క్రిందట మా పుట్టినింట ఇట్టి క్యాష్‌నే యొక మరమ్మతుదారు అమర్చిపోయెను. మా నాయనగారు అప్పుడు మొల్ల రామాయణమునకు లఘుటీక చెప్పుచుండిరి; వారు చెప్పగా నేను వ్రాసితిని. చూపు మందగించినందున వారు కలము పట్టలేకుండిరి. రెండు నెలల శ్రమ ఆ యంత్రములోనున్నది. ఒకనాటి యుదయమున చిన్న ఎస్.ఎస్.డి. పాడయ్యెను. “పోయినది క్యాష్ మాత్రమే కదా, అసలు డిస్కు క్షేమముగా నున్నది కదా” యనుకొంటిమి. తెఱచి చూడగా డిస్కులోని ఫైళ్లు సగము పాతవి, సగము పనికిరానివి. ఆ యేటనే నాయనగారు కాలధర్మము నొందిరి. ఆ రెండు నెలల మాటలను మరల చెప్పువారు లేకపోయిరి.

అందుచేత మఱది మాట వినగానే నా మనస్సు వద్దనినది. అయినను భయము వేఱు, విచారణ వేఱు. ఒకప్పుడు చేయి కాలినదని పొయ్యి ముట్టింపక యుందుమా? కావున “పదునైదు దినములు గడువిమ్ము, ఆలోచించి చెప్పెదను” అంటిని. ఆ పదునైదు దినములలో తెలిసికొనినదే యీ వ్యాసము.

మొదట క్యాష్ అనగా నేమి? ఇది నగదు కాదు. చెవికి మాట యొకటే గాని పుట్టుక వేఱు. దాచుట యను నర్థము గల ఫ్రెంచి మాటనుండి ఇది వచ్చినది. మన సీమలో పూర్వము జొన్నలను పాతరలో పోసెడివారు. నేలలో త్రవ్విన యా పాతరను ప్రతిదినము తెఱచువారు లేరు. ఒకమాఱు తెఱచి, కొంత ధాన్యము తీసి, ఇంటిలో బానకెత్తుకొని, దినదినము ఆ బానలోనుండి తీసికొందురు. అంతకంటెను దగ్గఱి యుపమానము మన పోపులపెట్టె. ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, మినపపప్పు డబ్బాలలో అటకమీద నుండవచ్చును. కాని నూనె కాగినపుడు ఆవాలకై నిచ్చెన వేసికొను నిల్లాలుండునా? మాటిమాటికి కావలసినదానిని కొంచెము కొంచెముగా చేతికందునట్లు ఉంచుకొందుము. కంప్యూటరులో క్యాష్ చేయు పనియు నిదియే. పెద్దదియు మందగామియు నగు నిల్వలోనుండి, తఱచుగా అడుగబడు భాగములకు ప్రతులు తీసి, చిన్నదియు వేగవంతమునగు నిల్వలో ఉంచును. చాలకాలము ఎవరును అడుగనిదానిని తొలగించి, క్రొత్తదానికి చోటిచ్చును.

ఈ యుపాయము నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులోని మారిస్ విల్క్స్ 1965లోనే ఇట్టి చిన్న వేగవంతమైన జ్ఞాపకమును గూర్చి వ్రాసి, దానికి “దాస జ్ఞాపకము” అను నర్థమిచ్చు పేరు పెట్టెను. ఐ.బి.ఎం. వారి 360 వర్గమునందలి 85వ నమూనా యంత్రము 1968లో ఆ యుపాయముతో ప్రకటింపబడెను. ఇండ్ల కంప్యూటర్లలో ఫ్లాష్ నిల్వను డిస్కునకు క్యాష్‌గా వాడు యత్నము 2007లో విండోస్ విస్టాతో వచ్చిన రెడీబూస్ట్‌లో కానవచ్చును. 2011లో ఇంటెల్ వారు ఎస్.ఎస్.డి.లో 64 గిగాబైట్ల వఱకు క్యాష్‌గా వాడుకొను సదుపాయము నిచ్చిరి. 2013లో లినక్స్‌నందు డీఎం-క్యాష్, బీక్యాష్ అనునవి చేరినవి. 2017లో ఇంటెల్ వారే ఆప్టేన్ అను పేర 16, 32 గిగాబైట్ల క్యాష్ పలకలను ఇండ్లకై విక్రయించిరి. 2022లో ఆ వ్యాపారమునే విరమించుచున్నామని ప్రకటించిరి. ఎస్.ఎస్.డి.లు చౌకయగుకొలది, పోపులపెట్టె బదులు అలమరనే కొనగలిగినవారికి ఈ యేర్పాటు అవసరము తగ్గినది. ఈ యొక్క మాట మా నిర్ణయమునకు ముఖ్యాధారమైనది.

ఇక వేగము లెక్క. హార్డుడిస్కులో పళ్లెము వంటి బిళ్ల గిఱ్ఱున తిరుగుచుండును. ఒక చేయి దానిమీద ముందునకు వెనుకకు జరుగుచు అక్షరములను ఏరుకొనును. బల్లమీది యంత్రములలో సాధారణముగా నుండు డిస్కు నిమిషమునకు 7200 మాఱులు, అనగా సెకనుకు 120 మాఱులు తిరుగును. ఒక చుట్టునకు పట్టు కాలము 8.3 మిల్లీసెకనులు, కావలసిన చోటు చేయి క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము. చేయి జరుగుటకు మఱి 8 లేక 9 మిల్లీసెకనులు. ఏ తునుకకైనను ఇంచుమించు 12 మిల్లీసెకనులనుకొందము. ఎస్.ఎస్.డి.లో తిరుగునదియు లేదు, జరుగునదియు లేదు, 0.1 మిల్లీసెకనుతో పని ముగియును. చెదరియున్న చిన్న తునుకలను ఏరుటలో నూఱు రెట్లు తేడా యన్నమాట.

కాని వరుసగా ఒకేచోట నున్న పెద్ద ఫైలును చదువునపుడు హార్డుడిస్కును తక్కువ చేయరాదు. చేయి ఒకమాఱు చోటు చేరిన పిదప సెకనుకు నూఱు మెగాబైట్లకు మించి చదువగలదు. నా స్కాను పుస్తకము 60 మెగాబైట్లుండిన, అది డిస్కునుండి వచ్చుటకు సెకను కూడ పట్టదు. యంత్రము మేలుకొనునపుడు కథ వేఱు. అప్పుడు వేలకొలది చిన్న తునుకలు కావలెను. 8000 తునుకలనుకొనిన, 12 మిల్లీసెకనుల చొప్పున 96 సెకనులు డిస్కునకే చెల్లును, ఎస్.ఎస్.డి.కి ఒక సెకను చాలును. పాలు కాగి చల్లారుటకు కారణమిక్కడ నున్నది గాని పుస్తకములలో లేదు.

అయిన క్యాష్ పెట్టిన ఆ నూఱు రెట్ల వేగమంతయు వచ్చునా? అడిగినది పోపులపెట్టెలో ఎంత తఱచుగా దొరకునో దానినిబట్టి ఫలము. నూటికి 90 మాఱులు దొరకిన సగటు 12 నుండి 1.3 మిల్లీసెకనులకు దిగును. తొమ్మిది రెట్ల లాభము. నూటికి 50 మాఱులే దొరకిన సగటు 6. రెండు రెట్లు మాత్రమే. నూటికి 20 దొరకిన సగటు 9.6, ఆ లాభము మన కంటికి కనబడదు. మఱియొక సంగతి: ఎన్నడును తెఱవని పుస్తకమును మొదటిమాఱు తెఱచునపుడు క్యాష్ వలన ప్రయోజనము సున్న. ప్రతి యింటనుండునని యెవరును ధనియాలపొడిలో కుంకుమపువ్వు వెదకరు గదా!

కావున అంగడికి పోవుటకు ముందు మనము తెలిసికొనవలసినది యంత్రపు గుణము కాదు, మన యలవాటు. నేను పద్దుల పుస్తకములో పదునైదు దినములు లెక్క వ్రాసితిని. ఎవరు, ఎప్పుడు, ఏది తెఱచిరి? ఫలితము నన్నే యాశ్చర్యపఱచినది. ఆ దినములలో నేను తెఱచిన పుస్తకములు నలువదిరెండు. అందు మూడుమాఱులకు మించి తెఱచినవి ఐదే. తక్కినవి ఒకమాఱు చూచి విడిచినవి. దినదినము తప్పక కావలసినవి: యంత్రమును నడపు విండోస్, తెలుగు టైపు, బ్రౌజరు, మార్కుల పట్టికలు, నా పుస్తకముల సూచిక. ఇవన్నియు కలిపి చూడగా 70 గిగాబైట్లకు లోబడియున్నవి.

ఇక్కడ మా మఱది వాదము పట్టు సడలినది. అతడు చూపిన చిన్న ఎస్.ఎస్.డి.కిని, 250 గిగాబైట్ల దానికిని వెలలో అంతరము స్వల్పము. దినదినము కావలసినదంతయు 70 గిగాబైట్లయినపుడు, 250 గిగాబైట్ల అలమరలో అంతయు స్థిరముగా ఉంచుకొనవచ్చును. అప్పుడు ఏది యుంచవలెను, ఏది తీయవలెను అని యంత్రము ఊహింపనక్కఱలేదు. మాకు తెలిసినదానిని యంత్రముచేత ఊహింపజేయుట యెందుకు? ఈ మాట చెప్పగా మా మఱది కొంతసేపు ఆలోచించి, “నిజమే వదినా, మా యాఫీసు లెక్కను ఇంటికి తెచ్చితిని” అనెను.

అతని మాటలోను న్యాయమున్నది. క్యాష్ తగిన చోట్లు లేకపోలేదు. పదవ తరగతి ఫలితములు వెలువడు దినమున లక్షలమంది ఒకే పుటను అడుగుదురు. మఱునాడు దానిని అడుగువారు అరుదు. నిల్వ అపారము, ఎవరేమడుగుదురో ముందుగా తెలియదు, అడిగినదానినే పలువురు మరల మరల అడుగుదురు. అట్టి చోట క్యాష్ లేక జరుగదు. పెద్ద సత్రములో వడ్డించువాని చేతి గిన్నె వంటిది అది. నలుగురుండు నింట పంక్తి లేదు, గిన్నె యెవరికి?

ఇక అపాయము సంగతి. మా యూరివారికి గండికోట, మైలవరము జలాశయములు రెండును పరిచితములే. పెన్నకడ్డముగా పైన గండికోటలో ఇంచుమించు 27 టి.ఎం.సి.ల నీరు పట్టును. క్రింద మైలవరములో 10 పట్టును. పైనుండి విడిచిన నీరు ఇచట నిలిచి కాలువలకు పోవును. చూచుటకు క్యాష్ వలెనే యున్నది. కాని యొక భేదము గలదు: మైలవరమునకు వచ్చిన నీరు ఇక గండికోటలో ఉండదు. చదువుటకు వాడు క్యాష్‌లోనున్నది ప్రతి మాత్రమే; అసలు డిస్కులోనే భద్రముగా నుండును. కావున అట్టి క్యాష్ పాడైనను పోవునది వేగమే.

వ్రాతకు వచ్చునప్పటికి రెండు త్రోవలు గలవు. మొదటిది రైట్-త్రూ. మనము వ్రాసినది క్యాష్‌లోను, డిస్కులోను రెంటను పడిన పిదపనే “వ్రాసితిని” అని యంత్రము చెప్పును. ఇది క్షేమము, కాని వ్రాతలో వేగము రాదు. రెండవది రైట్-బ్యాక్. వ్రాసినది మొదట క్యాష్‌లో పడును. తీరిక దొరకినపుడు డిస్కునకు చేరును. వేగము మిక్కుటము; కాని ఆ నడుమ క్రొత్త వ్రాత యంతయు చిన్న పలకలోనే యుండును, మైలవరమునకు వచ్చిన నీటివలె. ఆ పలక చచ్చిన డిస్కులో మిగులునది పాతది, అదియు ముక్కలు ముక్కలుగా. మా పుట్టినింట జరిగినది ఇదియే. అమర్చినవాడు ఏ త్రోవ పెట్టెనో మేము అడుగలేదు, అతడు చెప్పలేదు. ఫ్లాష్ నిల్వలో ప్రతి గదియు ఇన్నిమాఱులని చెరిపి వ్రాయబడి అరిగిపోవును. క్యాష్‌గా వాడు చిన్న పలకపై ఎడతెగక క్రొత్తది వ్రాయబడుటచే అది త్వరగా అరుగునని కూడ అప్పుడు మాకు తెలియదు.

అయినను నా దుఃఖమునకు క్యాష్‌ను మాత్రమే నిందించుట తగదని ఈ విచారణలో నాకు తోచినది. మాకు రెండవ ప్రతి లేదు. అది మా దోషము. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొరగారు పండితులను తన బంగళాలో నిలిపి, ఒకే గ్రంథమునకు పెక్కు తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక ప్రతి చెదలపాలైనను గ్రంథము బ్రతుకవలెనని ఎఱిగినవాడు. నేడు ఆ స్థలముననే ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. ఆ కథను చిన్ననాటినుండి వినుచు, నాయనగారి టీకకు ఒక్క ప్రతితో తృప్తిపడితిని. క్యాష్‌లోనిది ప్రతియే యైనను భద్రతకై చేసిన ప్రతి కాదని సోదరీమణులు దయతో గుర్తుంచుకొనవలెను. పోపులపెట్టె నిండియున్నదని పాతరకు కావలి మానరు.

తుదకు మేము చేసినది ఇది. 250 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. కొని, విండోస్‌ను, దినదినపు ఫైళ్లను దానిలోనికి మార్చితిమి. పుస్తకములు పాత హార్డుడిస్కులోనే యున్నవి. ర్యామ్‌ను 4 నుండి 8 గిగాబైట్లకు పెంచితిమి. ఏలయన పని లేక మిగిలిన ర్యామ్‌ను విండోస్ తానే క్యాష్‌గా వాడుకొనును, అది ఎస్.ఎస్.డి. కంటెను ఎన్నో రెట్లు వేగవంతము. మిగిలిన సొమ్ముతో వెలుపల తగిలించు డిస్కు నొకదానిని కొని, ప్రతి శుక్రవారము సాయంకాలము దీపము పెట్టిన పిదప ప్రతి తీసి, త్రాడు ఊడదీసి బీరువాలో పెట్టుచున్నాను. రెండు నిమిషములకు పైగా పట్టు మేలుకొలుపు ఇప్పుడు ఇరువది సెకనులలో ముగియుచున్నది. పుస్తకములు తెఱచుకొనుటలో మాత్రము మునుపటికిని ఇప్పటికిని పెద్ద తేడా లేదు. లెక్క ముందే చెప్పినది గనుక నాకు ఆశాభంగము కలుగలేదు.

ఉత్తరము వ్రాసిన సోదరికి నా సలహా నాలుగు మాటలలో: మొదట ర్యామ్ చూడుము, అది 4 గిగాబైట్లే యైన ముందు దానిని పెంచుము. పిదప దినదినము వాడునదెంతయో పదునైదు దినములు వ్రాసి చూచుకొనుము. అది కొనదలచిన ఎస్.ఎస్.డి.లో పట్టిన క్యాష్ ప్రసక్తియే వలదు, అన్నిటిని దానిలోనే యుంచుము. పట్టక, మరల మరల వాడునది దినదినము మాఱుచుండిన క్యాష్ పెట్టించుకొనుము, కాని అమర్చువానిని “ఇది రైట్-త్రూయా, రైట్-బ్యాకా?” అని యడిగి, మొదటిదే పెట్టుమని చెప్పుము. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పలేనివానిచేత యంత్రమును ముట్టింపకుము. ఏది చేసినను, వేఱొక చోట రెండవ ప్రతి యుండవలెను.

వారము క్రిందట మొల్ల రామాయణమును మరల తెఱచితిని. నాయనగారి మాటలలో జ్ఞప్తికి వచ్చినవానిని, బాలకాండమునుండి, నెమ్మదిగా వ్రాయుచున్నాను. సగము కూడ రాదని యెఱుగుదును. అయినను వచ్చినది రెండు చోట్ల నుండును.

మైలవరము
ఇట్లు, మీ సోదరి,
ఒక యుపాధ్యాయుని యిల్లాలు